ధర్మవరం పట్టు మీద బుద్ధుడు

"తాతా, ఆ తెల్లాయన వచ్చిన ముచ్చట చెప్పవా? ఫోన్లో రికార్డు చేసుకుంటా."

చేసుకో పాపా. మొదట ఇది రాసుకో. పడమటి దేశాలకు బుద్ధుణ్ణి పంపించినోణ్ణి నేను. ఆ, నేనే! నవ్వుతావేం? సరే, దేశాలకు గాదులే, ఒక దేశానికి. దేశానికి గూడా గాదు, ఆడ ఒక పల్లెలో ఒక ఆవుల కొట్టానికి. పంపించింది గూడా నేను గాదు, ఆ తెల్లాయనే వచ్చి సంకన పెట్టుకోని పాయె. నేసింది మాత్రం నేనే.

డెబ్బై తొమ్మిదో, ఎనబయ్యో. మీ అత్త పుట్టిన ఏడు. కాదు కాదు, అది దోగాడతాండె, కండెలన్నీ నోట్లో పెట్టుకుంటాండె. అంటే ఎనబై. స్టేషన్ కాడ టీ పావలా అప్పుడు, ఇప్పటి మాదిరి గుక్కెడు గాదు, గ్లాసు నిండా.

పీటరని, జర్మనీ పక్కనోడు. బుద్ధుని మీద పన్నెండేండ్లు చదివినాడంట. పన్నెండేండ్లు! ఏం చదివినావప్పా అంటే, కండ్లు మూసుకోని ఊరికే కూచునేదంట. దానికి కాలేజీ, దానికి పరీక్ష! నేను పొద్దన లేస్తే మగ్గం గుంతలో కూచునేవాణ్ణి, దీపాలు పెట్టేదాకా. నాకెవురిచ్చిరి పట్టా?

తెలుగు గూడా నేర్చినాడు, ఏ కాలం పుస్తకాల్లోనో ఏమో. వాకిట్లో నిలబడి, "అయ్యా, నేనొక వస్త్రమును కోరుచున్నాను" అనె. మీ అవ్వ కొంగు నోట్లో కుక్కుకోని లోపలికి ఉరికె. హరిదాసు గూడా అట్ల మాట్లాడడు!

హిందూపురంలో లాడ్జీ తీసుకున్నాడు. ముందు పెనుకొండకు పోయి బుద్ధుడు యాడుండాడని అడిగితే, ఎవురో పుణ్యాత్ముడు జైనుల గుడికి తీసకపోయి ఇదిగో అన్నాడంట. ఈయప్ప, "కాదు, ఇతడు పార్శ్వనాథుడు" అని ఆ ఊరోళ్ళకే పాఠం చెప్పి వచ్చినాడు. చూడు ఎంత పొగరో! మన ఊర్లో మన రాయి, వాడొచ్చి పేరు చెప్పల్ల.

ఇంగ వాళ్ళ దేశం సంగతి. ఆడ ఇట్లాంటోళ్ళే ఇరవై ముప్పై మంది జేరి పాత ఆవుల కొట్టం కొని, పేడ కడిగి, సున్నం గొట్టి, దాంట్లో చాపలేసుకోని కూచుంటారంట. మనం ఆవుల్ని కట్టేసే చోట వాళ్ళే కూచుంటారు. ఆ గోడకు తగిలించను మనిషెత్తు పట్టుగుడ్డ కావల్ల, నడుమ జరీతో బుద్ధుడు.

నేనూరికే ఉంటానా? "ఏమప్పా, మీ సామి చీమను గూడా తొక్కద్దన్నాడంట గదా, పట్టెట్ల తీస్తారో తెలుసునా?" అంటి. తెలుసునన్నాడు. తెలిసేది వేరే చూసేది వేరేనని హిందూపురంలో పట్టుగూళ్ళు లోపలి పురుగుతో గూడా ఉడకబెట్టే చోటికి తోలితి. పోయొచ్చి రెండు దినాలు అన్నం ముట్టలే. మూడో దినం వచ్చి, "నేను మానినను అవి బ్రతుకవు. చూచితిని. నేయుడు" అనె. చదువుకున్నోళ్ళ మాట అట్లుంటాది. ఏడుస్తారు, మల్లా అదే కావాలంటారు.

మగ్గం మనది గాదు పాపా, షావుకారుది. పట్టు ఆయప్పదే, జరీ ఆయప్పదే. పీటరు ఆడ నిలబడుండంగానే, వీనికేం అర్థమైతాదిలే అని గబగబా అన్నాడు, "ఈ తెల్లోడు గుడ్డ వద్దన్నాడంటే మగ్గం ఇంకొగనికిస్తా. నువ్వు యాడన్నా కూలికి పో." ఆ మగ్గం తప్ప మాకేముండె? మీ అవ్వ చంకలో మీ అత్త.

పీటరు ఫొటో ఇచ్చినాడు. బుద్ధుడు బాసింపట్టు వేసుకోని, ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకోని, కుడిచెయ్యి మోకాలి మీదనుంచి దించి నేలను ముట్టుకుంటాడు. ఆ ఫొటో చూసి ఉన్నదున్నట్ల గళ్ళ కాయితం మీద గీయించి, ఏ పోగు లేవల్లో చెప్పే అట్టలకు బెజ్జాలు కొట్టించి, మగ్గం మీదికెక్కిస్తి. రెండున్నర నెల్లు నేస్తి.

ఈడ ఒకటి చెప్పల్ల. అట్లాంటి బొమ్మ నేసేటప్పుడు గుడ్డ మొకం కిందికుంటాది, వీపు మన పక్కకుంటాది. బొమ్మ బాగొస్తాందా లేదా అని కింద అద్దం పెట్టి చూసుకుంటాం. చూస్తాంటి, దినామూ చూస్తాంటి. అద్దంలో అచ్చం ఫొటో మాదిరే! బో సంబరం నాకు. హంసలు, మామిడిపిందెలు పుట్టినకాడినుంచీ నేస్తిని గదా, హంస ఈ పక్క చూస్తే ఏం, ఆ పక్క చూస్తే ఏం, ఎవురడిగిరి? బుద్ధునికి కుడీ ఎడమా ఉంటాదని నాకు తోచనే లే.

గుడ్డ కోసి, మూలన పసుపు కుంకం పెట్టి, టెంకాయ గొట్టి, మొకం పైకి తిప్పి పరిస్తిమి. మీ అవ్వ ఫొటో పక్కన పెట్టి చూసె. "ఏమయ్యా, ఈయప్ప ఏ చేత్తో నేలను ముట్టుకోనుండాడు?"

ఎడమచెయ్యి. కుడిచెయ్యి ఒళ్ళో ఉండాది.

మగ్గం తిరగేసిందాన్ని అద్దం మల్లా తిరగేసి చూపిస్తాండె పాపా, రెండున్నర నెల్లు! ఇప్పేదెట్ల? అంత జరీ! అంతలోనే వాకిట్లో చెప్పుల సప్పుడు. పీటరూ, ఎనకాల షావుకారు.

పీటరు వంగి చూసె. చూసె, చూసె. "అయ్యా, హస్తము..." అనె.

నా నోట్లోంచి ఎట్లొచ్చెనో గానీ వచ్చె. "మా ధర్మవరం బుద్ధుడు ఇట్లే ఉంటాడప్పా. తాతల కాలంనుంచీ ఇంతే. మా కుడిచెయ్యి మగ్గంలో నాడె తోసేదానికి కావల్ల గదా! దానికే ఆయప్ప ఎడమచేత్తో ముట్టుకుంటాడు."

షావుకారు గూడా, "ఆ, ఆ, అంతే" అనె. పీటరు నా పక్క చూసె, మీ అవ్వ పక్క చూసె. "మంచి ఆచారము" అని మడిచి తీసుకపాయె. మగ్గం మాకే నిలిచె.

ఆ పొద్దునుంచీ నాకు వాళ్ళంటే లెక్కే లేదు. పన్నెండేండ్ల చదువు నా ఒక్క మాటకు పడిపోయెనే! ఏడాదికి జాబొచ్చె, ఫొటోతో. కొట్టంలో గోడమీద మన గుడ్డ, దాని ముందర తెల్లోళ్ళంతా కండ్లు మూసుకోని బొమ్మల మాదిరి. మగ్గాల వీధంతా చూపిస్తి. తప్పుకు మొక్కుతాండారు పిచ్చోళ్ళని ఎంత నవ్వితిమో! మీ నాయన పెండ్లిలో గూడా చెప్పినా ఆ కత.

"మరి జాబులో ఏం రాసినాడు తాతా?"

ఊ... గుడ్డ బాగుండాదని రాసినాడు. మొదటి కాయితంలో.

రెండోదొకటి ఉండాది. అది ఎవురికీ చూపీలే. మీ అవ్వకు గూడా. "అయ్యా, హస్తము మారినదని చూచిన క్షణముననే తెలిసినది. మగ్గముపై గుడ్డ ముఖము క్రిందికుండుట నేను మొదటి దినముననే చూచితిని. చిత్రము త్రిప్పి ఇయ్యవలసినది నేనే, మరచితిని. మీ షావుకారు మాట కూడ నాకు అర్థమైనది. ఇచట అందరికిని ఈ సంగతి చెప్పితిని. అందరును ఈ వస్త్రమే ఉండవలెననిరి."

అందరికీ తెలుసు పాపా. ఆ కొట్టంలో కూచున్నోళ్ళందరికీ. తెలీదనుకోని నవ్వుతాండింది నేనొక్కణ్ణే.

జవాబు రాద్దామని కార్డు తెస్తి. తప్పు నాదేనని, అబద్ధం చెప్తినని ఒక మాట రాయల్ల గదా. పేరు రాస్తి, అడ్రసు రాస్తి... మిగతాది రాయకుండానే దాచిపెడితి. ఆ కార్డు ట్రంకు పెట్టెలోనే ఉండాది, ఈ పొద్దుటికీ...