సుల్తాన్‌కి మెట్లు లేని ఇల్లు

సంఘాధ్యక్షులు వాల్టర్ ఏష్లిమన్ గారికి, వేదిక మీద ఆయన పక్కన కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న పాస్టరు గారికి, పెద్దలకు, స్నేహితులకు, బల్లల కింద పడుకుని మనకంటే బుద్ధిగా వింటున్న మన మూడురంగుల కొండకుక్కలకు, అందరికంటే ముఖ్యంగా ఇవాళ్టితో ఉద్యోగ విరమణ చేస్తూ మనందరినీ ఇక్కడ చేర్చిన పశువైద్యురాలు డాక్టర్ రెగులా హాడోర్న్ గారికి, డెయిరీ ఎల్స్‌బెత్ నమస్కారాలు.

అధ్యక్షులవారు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఈ కుక్కల సంఘంలో అందరికంటే పాతదాన్ని కాబట్టి ఇవ్వక తప్పలేదు, నా నోటి సంగతి తెలుసు కాబట్టి ఐదుతో సరిపెట్టారు. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. భోజనాల్లో హ్యామ్ నా తర్వాతే వస్తుందని వంటింట్లో కనుక్కునే లేచాను, కాబట్టి ఎవరూ కదలరు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నేను లేచింది డాక్టరమ్మని పొగడడానికి ఒక్కదానికే కాదు, ఆవిడని ఒకటి అడగడానికి కూడా. అది నా సుల్తాన్ గురించి. అదిగో, పొయ్యి పక్కన కాళ్లు చాపుకుని పడుకున్నాడు. తొమ్మిదేళ్లు దాటిన ముసలాడు, గుండె గట్టిది, పళ్లు గట్టివి, తుంటి ఎముకలే అరిగిపోయాయి. మా ఇల్లు డెయిరీ మీద ఉంటుందని మీకు తెలుసు, బయటి చెక్కమెట్లు ఎంత నిటారుగా ఉంటాయో టపా తెచ్చే ఉర్స్‌ని అడగండి, చెప్తాడు. పోయిన నెలలో సుల్తాన్ ఆ మెట్ల మధ్యలోంచి జారి కిందికొచ్చి పడ్డాడు. డాక్టరమ్మ వచ్చి ఒళ్లంతా తడిమి చూసి, "ఎల్స్‌బెత్, వీడికి ఇంకా రెండేళ్లు హాయిగా బతికే ఓపికుంది, ఈ మెట్లు లేకపోతే" అంది. ఏం కోరబోతున్నానో తర్వాత చెప్తాను, ముందు పొగడ్త కాకపోతే వాల్టర్ గంట కొట్టి కూర్చోబెడతాడు.

ఈవిడ మన లోయకి వచ్చిన ఏడాది గుర్తుందా? బాసెల్ నుంచి దిగింది, పట్నం యాస, సన్నటి వేళ్లు. మా ఆయన ఒట్టో కిటికీలోంచి చూసి, "ఈ పిల్ల ఆవు తోక పట్టుకుంటే ఆవే ఈమెని ఈడ్చుకుపోతుందే" అన్నాడు. అప్పట్లో వేసవి మేత ముగించుకుని మందలు కొండ దిగిన మర్నాడు మనకి కుక్కపిల్లల తూకం ఉండేది, మా డెయిరీలో పాలు తూచే త్రాసు మీదే. అందరికంటే బరువు తూగిన పిల్ల మెడలో ఇత్తడి గంట, దాని యజమానికి ఒక చీజ్ చక్రం. ఆ గంట కోసం ఊరంతా ఒకటే పని, చీజ్ తీశాక మిగిలిన పాలతేట, మీగడ, చీజ్ చెక్కులు, మిగిలిన రొట్టె, ఏది చేతికొస్తే అది పిల్లల నోట్లో కుక్కడం. పెద్దజాతి కుక్క కదా, పెద్దగా పెంచాలి, తొందరగా పెంచాలి. మన తాతలు అలాగే పెంచారు. వాళ్ల కుక్కలు ఆరేడేళ్లకే కాళ్లీడ్చుకుంటూ పోయాయి. ఈ రెండు ముక్కల్నీ కలిపి చూసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు.

ఆ ఏడాది గంట కట్టే గౌరవం కొత్త డాక్టరుకి ఇచ్చాం. ఫ్రిట్జ్ వూట్రిఖ్ కుక్కపిల్ల, మూడో వరసలో తల దించుకోకు ఫ్రిట్జ్, అందరికీ తెలిసిందే, ఆ పిల్ల ఎక్కి కూర్చుంటే త్రాసు మూలిగింది. జనం చప్పట్లు. ఈవిడ దాని పక్కటెముకల కోసం వేళ్లతో వెతికింది, దొరకలేదు. తర్వాత వరసన పిల్లలన్నిటినీ తడిమింది. చివరికి గంట తీసుకెళ్లి అన్నిట్లోకీ బక్కదాని మెడలో కట్టింది. అది లీనా స్టాల్డర్ పిల్ల. లీనాకి ఉన్నది ఒక్క మేక, కుక్కకి పొయ్యడానికి పాలతేట ఆవిడ దగ్గర ఎక్కడిది?

ఫ్రిట్జ్ ఊరుకుంటాడా? "ఏమ్మా, మీ పట్నంలో త్రాసు చదవడం నేర్పరా?" అన్నాడు.

"నేర్పుతారు. నీ కుక్కపిల్ల ఎముకలు ఇంకా మెత్తగా ఉన్నాయి, వాటి మీద నువ్వు ఎదిగిన కుక్క బరువు మోపావు. ఎలాగూ పెద్దదవుతుంది, నెమ్మదిగా కానివ్వు. నీకు బరువే కావాలంటే పందిని పెంచుకో" అంది, అదే పట్నం యాసలో. (నవ్వులు)

ఫ్రిట్జ్ ఆ రోజు సాసేజ్ తినకుండా ఇంటికెళ్లిపోయాడు. అటువంటిది అంతకు ముందూ జరగలేదు, ఆ తర్వాతా జరగలేదు. ఏడాది తిరక్కుండానే వాడి కుక్క ముందుకాలు కుంటింది. సిగ్గేసి డాక్టరు గడప తొక్కలేక వాడు వాయిదాలు వేస్తుంటే, ఆవిడే ఒక ఆదివారం వాడి పెరట్లోకి వెళ్లింది. "నేను చెప్పలేదా" అన్న మాట ఒక్కసారైనా ఆవిడ నోట వచ్చిందా ఫ్రిట్జ్? రాలేదు. తిండి తగ్గించింది, పాలబండి లాగించడం మాన్పించింది, వేసవంతా ఆ కుక్కని నదిలో ఈదించమంది. ఇప్పటికీ మనం తూకం రోజు మానలేదు కానీ త్రాసు బయటికి తియ్యం, వరసన అందరూ పక్కటెముకలు తడిమి చూస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు మనకి పిచ్చి అనుకుంటారు, అనుకోనీండి.

ఒట్టో సంగతి కూడా చెప్పాలి. ఒక పండగ మధ్యాహ్నం మా నెరాకి, అంటే ఈ సుల్తాన్ అమ్మకి, ఒట్టో బానెడు రొట్టె సూపు పెట్టి, అది మూతి నాక్కునేలోపే బండికి కట్టి తోలాడు. కాసేపటికి దాని పొట్ట ఉబ్బి డోలులా బిగుసుకుంది, వాంతికి పెనుగులాడుతోంది కానీ ఏమీ రావడం లేదు. నేను ఫోన్లో డాక్టరమ్మకి ఆ మాట చెప్పానో లేదో, "కదిలించకండి, బల్ల కడగండి" అని పెట్టేసింది. వచ్చీ రాగానే చీజ్ చక్రాలు తిప్పే మా బల్ల మీదే కోసింది, మెలిపడిన పొట్ట సరిచేసి కుట్టింది. వాళ్ల నాన్న శవయాత్రలో కూడా కళ్లు తడవని ఒట్టో పాలబిందె మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ చేతులు కడుక్కుంటూ ఒక్క మాట అడిగింది, "ఒట్టో, భోంచేశాక నువ్వేం చేస్తావు?" "పడుకుంటాను." "మరి దాన్నీ పడుకోనివ్వు." అంతే. ఆ రోజు నుంచి దానికి పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట, తిన్నాక బండి లేదు, పరుగు లేదు. ఒట్టో అయితే తన మధ్యాహ్నపు కునుకు కూడా దాని పక్కనే నేల మీద తీశాడు, బతికున్నంతకాలం.

శనివారం చేతులు కూడా ఆవిడ నేర్పినవే. వారం పని ముగిశాక, కుక్కని పక్కన పడుకోబెట్టుకుని, చెవుల నుంచి తోక దాకా రెండు చేతులతో నెమ్మదిగా వెతకడం. మన కుక్కలకి గడ్డలు ఎంత తొందరగా వస్తాయో మీకు తెలుసు, ఎన్నిటిని పోగొట్టుకున్నామో ఈ హాల్లో ప్రతి బల్లకీ తెలుసు. సుల్తాన్ తొడ లోపల బఠాణీగింజంత గడ్డ నా చేతికి తగిలింది అలాంటి శనివారమే. అది చిన్నదిగా ఉండగానే తీసేసింది కాబట్టి ఇవాళ ఆ పొయ్యి పక్కన గురక వినిపిస్తోంది. డాక్టరంటే జబ్బు చేశాక వచ్చే మనిషి అనుకునేవాళ్లం, ఈవిడ జబ్బుకంటే ముందే వచ్చి మన ఇళ్లలో కూర్చుంది.

పొగడ్త అయిపోయింది వాల్టర్, గంట కింద పెట్టు.

రెగులా, ఇక నుంచి గారూ లేదు, డాక్టరూ లేదు. నీకెప్పుడూ కుక్క లేదు. ఎందుకే అంటే ఒకటే జవాబు, "పెద్ద కుక్కకి ఇంట్లో మనిషుండాలి, నేను ఇంట్లో ఉండేదెప్పుడు?" రేపటి నుంచి ఆ సాకు చెల్లదు. నది ఒడ్డున నీ ఇల్లు, గడప కూడా లేదు, తలుపు తీస్తే గడ్డి. నా సుల్తాన్‌ని తీసుకో.

(అందరి తలలూ ఎల్స్‌బెత్ వైపు తిరిగాయి.)

ఎవరూ నావైపు అలా చూడకండి. నేను చెయ్యాల్సిందంతా చేశాను. మెట్లకి తివాచీ ముక్కలు కొట్టించాను. పొట్ట కింద తువ్వాలు వేసి పట్టుకుని ఎక్కించాను, ఇప్పుడు నా నడుమూ వాడి నడుమూ ఒకేలా ఉన్నాయి, ఇద్దరం కలిసి పడతాం. కింద సామాన్ల కొట్లో పక్క వేశాను, మెట్ల మొదట్లో నిలబడి ఏడ్చాడు, తలుపు తెరిచి ఉంటే ఎక్కడానికి కాలు పెట్టాడు. ఇంకోసారి పడితే లేవడు. వాడి ప్రాణం నా ఇంటి మెట్ల మీద పోవడం నేను చూడలేను, అంతకంటే వాణ్ణి వదులుకుంటాను.

నీకు నేను చెప్పడమేమిటి, అయినా చెప్తాను. గబగబా మింగుతాడు, గిన్నెలో ఒక పెద్ద నదిరాయి వెయ్యి, దాని చుట్టూ నాక్కుంటూ నెమ్మదిస్తాడు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనిపించకూడదు. జాలిపడి ముక్క వెయ్యకు, ఆ మొహం చూసి నేనే చాలాసార్లు మోసపోయాను. నడక కొంచెం కొంచెం, ఎక్కువసార్లు, ఎండలో వద్దు. గోళ్లు పెరగనివ్వకు, నున్నటి నేల మీద జారతాడు, పరిచే చాపలు నేనే పంపిస్తాను. శనివారం చేతులు ఎడమ చెవి వెనక్కి రాగానే కాసేపు ఆపు. తల తెచ్చి నీ మోకాలి మీద పెడతాడు. తియ్యమనకు. వాడే తీస్తాడు.

ఎవరైనా కాస్త మంచినీళ్లివ్వండి.

నేను చూడడానికి రాను. వస్తే నా వెనకాలే బయల్దేరి మళ్లీ ఆ మెట్ల దగ్గరికే వస్తాడు. మీ ఇంటి వైపు దారి మానేసి వంతెన మీంచి చుట్టు తిరిగి వెళ్తాను, అదీ ఆలోచించుకున్నాను.

ఏమిటి? గట్టిగా చెప్పవే, వెనకవాళ్లకి వినపడలేదు. తీసుకోను అంటోంది.

(డాక్టర్ హాడోర్న్ తన కుర్చీలోంచి లేచారు.)

"తీసుకోను. ఎల్స్‌బెత్, వాడు ఆ మెట్లెక్కేది ఇల్లు బాగుందని కాదు, పైన నువ్వున్నావని. నా దగ్గర పెడితే తలుపు ముందు కూర్చుని నీకోసం ఎదురు చూస్తాడు, తిండి మానేస్తాడు. తుంటి నొప్పికి నా దగ్గర మందుంది, దానికి లేదు. ముసలి కుక్కల్ని మనిషి నుంచి విడదీసి నా దగ్గరికి తెచ్చినవాళ్లు చాలామంది. బాగుపడినవి తక్కువ."

మరేం చెయ్యమంటావు నన్ను? అందరి ముందు నోరు తెరిచి అడిగాను.

"నా ఇంట్లో వెనక గది ఖాళీ. పొద్దుటెండ పడుతుంది. కుక్క ఒక్కటే వస్తే తలుపు తియ్యను. నువ్వూ వస్తే తీస్తాను."

(చాలాసేపు చప్పట్లు.)

ఆపండి. చప్పట్లు ఆపండి. మీకేం పోయింది, వదలాల్సింది మీ ఇల్లు కాదుగా. నేను ఆ డెయిరీ మీదే పుట్టాను. ఒట్టో ఆ గదిలోనే పోయాడు, ఆయన చెయ్యి నా చేతిలో ఉండగా. తెల్లారగట్ల కింద పాలబిందెల చప్పుడు వినకపోతే నాకు లేవడం చేతకాదు. ఆ పట్నం మనిషి కాఫీ ఎలా ఉంటుందో కూడా మీకు తెలియదు, తాగినదాన్ని నేను. (నవ్వులు)

నవ్వకండి, నన్ను ఆలోచించుకోనివ్వండి.

(పొయ్యి పక్కన సుల్తాన్ లేచి నిలబడ్డాడు.)

చూడండి, మనం మాట్లాడుతుంటే వాడు లేచాడు. పొయ్యి వదిలి ఎటు వస్తున్నాడో చూడండి. ఉండరా, అక్కడే ఉండు, నేల జారుతుంది. వినడు. నా గొంతు వణికితే చాలు, ఎన్ని బల్లలు అడ్డమున్నా వస్తాడు. రా, పడుకో ఇక్కడ, నా కాళ్ల మీద.

ఒట్టో పోయినప్పటి నుంచి వీడు రోజూ ఆ మెట్లెక్కాడు. నొప్పితో ఎక్కాడు, మధ్యలో ఆగి, ఆయాసపడి, మళ్లీ ఎక్కాడు. కిందే ఉండిపోదాం అని వీడికి ఒక్క రోజు కూడా తోచలేదు. నేను ఒక్కసారి దిగితే చాలు. దిగుతాను రెగులా.

వచ్చినందుకు, విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఫ్రిట్జ్, రేపు నీ ట్రాక్టరు తీసుకుని డెయిరీ దగ్గరికి రా, నా మంచం బరువు. సెలవు.