సుందరి గుమ్మంలో బియ్యం

ఇదిగో, నీ సమాధికి సున్నం కొట్టడానిక్కూడా మళ్ళీ నేనే రావాల్సొచ్చింది సుందరొదినా. నీ కొడుక్కి తీరికెక్కడిదీ! కొత్త మందిరానికి గోపురం ఎత్తుతున్నారు. రాజమండ్రి నుంచి క్రేను వచ్చింది. పొద్దుటనుంచీ అక్కడే ఉన్నాడు. ఏమన్నా అందామంటే పాస్టరు అయ్యగారాయె ఇప్పుడు!

రేపు సమాధుల పండగ. జనం బంతిపూలూ కొవ్వొత్తులూ పట్టుకుని వచ్చేస్తారు, నీతో మాట్లాడ్డం అవదు. అందుకే ఇవాళే వచ్చేను. ఉండు, నడుం పట్టేసింది, కాసేపు ఈ గట్టు మీద కూచుంటాను. డబ్బాలో సున్నం ఇంకా ఉందిలే.

నువ్వు పోయిన మరుసటేడే కదా, ఆ తొంభయ్యారు తుపాను. మన పాత పెంకుటిగుడి కప్పు లేచిపోయింది. మళ్ళీ పెంకు నేయించుకుంటే చాలనుకున్నాం. ఈలోగా మీ బెన్నీ బైబిలు ట్రైనింగు అయ్యి వచ్చేడు. మాట బాగుంది, పాట బాగుంది. రాజోలు నుంచీ, అంతర్వేది నుంచీ ఆటోలు కట్టించుకుని రావడం మొదలెట్టేరు జనం. ఇహ పెంకు ఎందుకు సరిపోతుందీ? కిందంతా గ్రానైటు, గోడలకి అద్దాలు, కాలవ అవతలికి వినపడే మైకులు. సంపాదనలో దశమభాగం ఇవ్వనివాడు దేవుడి సొమ్ము దొంగిలించినట్టేనని ప్రతి ఆదివారం చెబుతాడు. సరే, ఉన్నోళ్ళు ఇస్తున్నారు. గల్ఫులో ఉన్నోళ్ళు పంపిస్తున్నారు. నేనేమన్నా అన్నానా?

మన గుప్పెడు బియ్యం జోలికొచ్చేడు వదినా. అదీ నా బాధ.

ఎసట్లో పోసేముందు గుప్పెడు తీసి దేవుడి పేరున పక్కన పెట్టడం మా అత్తగారి నాటి నుంచీ ఉన్నదే కదా. శనివారం శనివారం నేను డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి, పొయ్యి వెలగని ఇంట్లో ఇచ్చి వచ్చేదాన్ని. ఇప్పుడు ఆ బియ్యం అమ్మేసి గోపురానికి కలపమన్నాడు.

"మరి లేనోళ్ళకో, అయ్యగారూ?" అన్నాను. నలుగురి ముందూ అయ్యగారూ అనే అన్నాను సుమా!

"ప్రార్థన చెయ్యమనండి అత్తయ్యా. మా అమ్మ చేసింది. మా గుమ్మంలోకి బియ్యం వచ్చేయి" అన్నాడు.



ఎలా వచ్చేయో నీకు తెలీదూ? మా జోజి అన్నయ్య కొబ్బరి దింపుకెళ్ళి చెట్టు మీంచి పడి పోయినప్పుడు, ఈ బెన్నీగాణ్ణి చంకనేసుకుని, చస్తే ఎవరి గడపా తొక్కనన్నావు. ఇస్తే పుచ్చుకోవు. ఎంత రోషం తల్లీ నీకు! అందుకని నువ్వు కాలవకి బట్టలుతకడానికి వెళ్ళేదాకా కాచుకుని, మీ అరుగు మీద బియ్యం సంచీ పెట్టి, పైన చేట బోర్లించి వచ్చేసేదాన్ని. ఇచ్చింది చాటుకోకూడదని పాత అయ్యగారు చెప్పేవారు కదా, ఎవరితోనూ అనలేదు. నువ్వూ అడగలేదు. పిల్లాడికి మాత్రం "దేవుడు పంపేడ్రా" అని చెప్పేవు.

నీకు తెలుసు వదినా. ఖాళీ సంచీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి అదే చేట కింద ఉంచేదానివి. దేవుడికి ఎవరైనా సంచీ ఉతికి పెడతారా?

చిన్నపిల్లాడు, నమ్మేడు. వాడి తప్పేముంది? పెద్దయ్యేక ఆ సంగతే దేవుడు చేసిన మేలుకి సాక్ష్యంగా మందిరంలో చెబుతుంటే జనం వలవలా ఏడుస్తున్నారు. కేసెట్టు కూడా వేసేరు.

నీకు ఏంజెల్ తెలీదు. కొత్తగా వచ్చిన పిల్ల. దాని మొగుడు సూరిబాబు సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు మీద పనిచేసేవాడు, కామెర్లొచ్చి పోయేడు. ఇద్దరు పిల్లలు. రొయ్యల షెడ్డుకి వెళ్ళి నెట్టుకొచ్చేది, ఆ షెడ్డు కాస్తా మూసేసేరు. సిగ్గుపడి సిగ్గుపడి చివరికి మందిరానికి వెళ్ళింది. మీవాడు తల మీద చెయ్యి పెట్టి ఎంతసేపో ప్రార్థన చేసేడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చేసేడు. నమ్మకంతో దేవుడి కోసం కనిపెట్టుకుని ఉండమ్మా అని పంపించేసేడు, వట్టి చేతుల్తో.

ఆ సాయంత్రం నేను గంజి వారుస్తున్నాను. దాని చిన్న పిల్ల, ఇంతుంటుంది, గిన్నె పట్టుకొచ్చి నా ఎదర నిలబడింది వదినా. అడగదు. అలా నిలబడిపోయింది. 

మర్నాడు వెళ్ళేను వాడి దగ్గరికి. "ఒరేయ్ బెన్నీ!" అన్నాను. అయ్యగారూ లేదు, ఏమీ లేదు. చేట సంగతీ, సంచీ సంగతీ అంతా చెప్పేసేను. నీ గుట్టు బయటపెట్టేనని కోప్పడకు. ఇంకేం చెయ్యను మరి?

ఏడ్చేడు. దొంగేడుపు కాదు, నిజంగానే ఏడ్చేడు. నా చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాడు. "మీ చేత దేవుడే పెట్టించేడు అత్తయ్యా" అన్నాడు.

కాదని ఎలా అంటాను? నేనూ నమ్ముతానాయె! "అయితే ఆ దేవుడు ఇప్పుడు నీ చేత ఎందుకు పెట్టించడ్రా?" అన్నాను.

తల వంచుకున్నాడు. "ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి. అమ్మ మాట అబద్ధమైపోతుంది" అన్నాడు. నీ పేరు చెప్పి నా నోరు కట్టేసేడు. తరవాతి ఆదివారం మళ్ళీ అదే సాక్ష్యం.

పోనీలే అని, మా ఇంటి బియ్యమే ఏంజెల్ అరుగు మీద పెట్టడం మొదలెట్టేను. అలాగే చేట కింద. అదీ నీలాంటిదే, చేతికిస్తే పుచ్చుకోదు. ఏమైందనుకున్నావ్? పోయిన ఆదివారం మందిరంలో లేచి నిలబడింది. "అయ్యగారి ప్రార్థనకి దేవుడు మా గుమ్మంలోకి బియ్యం పంపేడండీ" అంది. మందిరమంతా హల్లెలూయా! నేను మీవాడికేసి చూసేను. వాడు నాకేసి చూడలేదు.

ఇవాళ శనివారం కదా, గోపురం బియ్యానికి డబ్బా పట్టుకుని ఏంజెల్ ఇంటి ముందునుంచి వెళ్తుంటే, "ఆగండి దానమ్మగారూ" అంటూ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. గుప్పిట కళ్ళకద్దుకుని డబ్బాలో పోసింది. "గోపురానికండీ. దేవుడిచ్చిందే కదండీ" అంది. దాని ఇంట్లో వేరే గింజ లేదు. నేను పెట్టినవే. ఆ చిన్నది గుమ్మంలో నిలబడి డబ్బాకేసే చూస్తోంది.

"ఆయ్, అలాగేనమ్మా" అన్నాను. ఇంకేమనను?

ఆ బియ్యం మందిరానికి వెళ్ళలేదు వదినా. ఏంజెల్ నీళ్ళకెళ్ళేదాకా సందులో నిలబడి, ఊరంతా వేసిన బియ్యం దాని అరుగు మీదే కుమ్మరించేసేను. చేట చాల్లేదు, చాప కప్పేను. ఇదిగో, ఇప్పుడు నీకు సున్నం కలిపింది ఆ డబ్బాలోనే. ఇహ అది బియ్యానికి పనికిరాదు.

దేవుడి సొమ్ము దొంగిలించేనంటారు. అననీ.

రేపు మందిరంలో ఏంజెల్ మళ్ళీ లేచి నిలబడుతుంది. ఈసారి దేవుడు డబ్బాడు పంపేడని చెబుతుంది. మీవాడు మైకులో అందుకుంటాడు. వెనకాల వరసలో కూచుని నేనూ హల్లెలూయా అంటాను. అనక చస్తానా?