పవర్ ఎక్కువున్నది

ఆదివారం సాయంత్రం. టీవీ ముందు ఒకే సోఫాలో కళ్ళజోళ్ళ షాపు నడిపే అల్లుడు, ఆయన మామగారు. చేతుల్లో చెరో కంట్రోలర్.

"అది కాదు మామయ్యగారూ, ముందు నేను చెప్పేది వినండి. కొత్త గేమ్ డబ్బా పవరే వేరు. బాతు నీళ్ళలో దిగిందనుకోండి, ఒక్కో ఈకా తడవడం కనపడుతుంది."

"తడిస్తే?"

"తడిస్తే ఏంటండీ. కనపడుతుంది."

"కనపడితే?"

"అంటే... బాగుంటుంది కదండీ."

"నేను బాతుని గెలిపించాలా, దానికి తల తుడవాలా అల్లుడుగారూ? కొత్త దాంట్లో మన బాతుల పందెం వస్తుందా, రాదా? అది చెప్పండి."

"దాంట్లో చాలా వస్తాయి."

"బాతుల పందెం?"

"కొండలొస్తాయి. పొగమంచొస్తుంది. గడ్డి ఊగుతుంది."

"బాతులు?"

"బాతులు... రావు లెండి. పాత ఆటలు దానికి ఎక్కవు."

"అలా చెప్పండి మరి. రిటైరయ్యాక నాకున్న కాలక్షేపం ఈ ఒక్క ఆటే. అది పోతే నాకు దిగులేస్తుందండీ. గడ్డి ఊగితే నాకేం లాభం?"

"బొమ్మ ఎలా అలుక్కుపోయిందో మీరే చూడండి. మధ్యాహ్నం కునుకు తీసి లేచినప్పట్నుంచీ మరీ అన్యాయం. గట్టేదో నీళ్ళేవో తెలియట్లేదు. తల కూడా లాగేస్తోంది."

"అద్దాలు తుడుచుకోండి."

"ఎంతని తుడవను? లోపం డబ్బాలోనే ఉంది. ముసలిదైపోయింది, ఎక్స్‌చేంజిలో ఇచ్చేద్దాం."

"ముసలివాటిని ఎక్స్‌చేంజిలో ఇచ్చేస్తారా? నాకు కొంచెం భయంగా ఉంది."

"అయ్యో, మిమ్మల్ననలేదండీ."

"సరే, ఒక్క పందెం. మీరు గెలిస్తే, ఎక్స్‌చేంజికని మీరు రమ్మన్న గేమ్ షాపతను రాగానే డబ్బా నేనే మోసుకెళ్ళి ఇస్తాను. నేను గెలిస్తే ఇది ఇక్కడే ఉంటుంది. మాటేనా?"

"మాటే. వారం నుంచీ నేనే గెలుస్తున్నాను, గుర్తుందిగా."

"గుర్తుంది, గుర్తుంది. నొక్కండి."

"ఎర్ర బాతు నాది."

"ఈ ఆటలో ఎర్రది పడవండీ."

"అందుకా ఈదట్లేదు."

"కుడికి తిప్పండి, వంతెన."

"ఏ వంతెన?"

"ఇప్పుడు గుద్దుకున్నారు చూడండి, ఆ వంతెన."

"చూశారా, పవర్ చాలట్లేదు. అసలు మీకెలా కనపడుతోంది?"

"నా సంగతి వదిలేయండి. కప్ప అరిచింది, ఎడమకి. గంట మోగింది, దూకాలి. ఇంకో గంట. అయిపోయింది, గెలిచాను."

"ఇది లెక్కలోకి రాదు. పవర్ లేక ఓడిపోయాను."

"ఏవండీ, షాపతను కొత్త డబ్బా తెచ్చాడు, పాతది ఇమ్మంటున్నాడు. అదేంటి, మా నాన్న కళ్ళజోడు మీరు పెట్టుకున్నారేంటి?"

"ఇది నాదేనే. నా ఫ్రేమే."

"ఫ్రేము ఒకటే. మీ షాపులో ఎవరూ కొననివన్నీ తెచ్చి ఇంటిల్లిపాదికీ తగిలించారుగా. ఆ దళసరి అద్దాలు నాన్నవి. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ కళ్ళు చూస్తారు, మీ ముక్కు మీద ఏముందో తెలియదా?"

"మామయ్యగారూ."

"ఊఁ."

"మీరు పెట్టుకున్నది నాదా?"

"మీదే."

"దాంట్లోంచి మీకేం కనపడిందండీ?"

"ఏమీ కనపడలేదు. టీవీ ఎటుందో కూడా అంతంతమాత్రమే. ఆట మంచిది కాబట్టి చెవులతో ఆడేశాను."

"మరి కళ్ళజోళ్ళు మారిపోయాయా, మార్చారా?"

"పవర్ ఎక్కువుంటే మంచిదని పొద్దున్నుంచీ మీరేగా అంటున్నారు. అందుకే మీరు కునుకు తీస్తుంటే, ఇంట్లో అన్నిటికన్నా పవర్ ఎక్కువున్నది తెచ్చి మీ తలగడ పక్కన పెట్టాను."