పైడితల్లి ఏడుసార్లు వద్దంది

పైడితల్లని ఒక పిల్ల ఉండేదంట. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా వద్దంటే దాన్ని వద్దని లెక్కపెట్టరంట, మర్యాదకి అన్నారనుకుంటారంట. ముసలోళ్ళ కాలంలో 'ఒల్లను' అని ఒక్క మాటంటే చాలు, వడ్డించే చెయ్యి ఆగిపోయేదంట. తరవాత మొహమాటాలొచ్చాయి. ఒక వద్దు చాలక రెండు వద్దులయ్యాయి, రెండూ చాలక 'వద్దే వద్దు, నీకు దండం పెడతాను' అనాల్సొచ్చింది, అదీ చాలక చెయ్యి అడ్డం పెట్టాల్సొచ్చింది. చెయ్యి అడ్డం పెడితే ఏం చేసేవారనుకున్నావు, చేతిమీదే వడ్డించేసేవారు. నవ్వకు లచ్చుమత్తా, మొన్న మీ ఇంట్లో పప్పుకి నా చెయ్యి కాలింది.

ఏమైందంటే, పైడితల్లికి దాలినాయుడి సంబంధమొచ్చింది. పదెకరాలున్నోడే అనుకో. కానీ అతని ఎడ్ల ఒంటినిండా ముల్లుకర్ర పుళ్ళే. అది చూసి ఈ పిల్ల, అమ్మా నాకొద్దు, ఆ చెయ్యి రేపు నామీదికీ లెగుస్తాది, అందంట. తల్లి నవ్వి, సిగ్గుపడతంది, అందంట. వద్దే వద్దు అంటే తండ్రి, మీ అమ్మా నన్ను రెండుసార్లు వద్దంది, చేసుకోలేదా, అన్నాడంట. మేనత్తకి చెప్పింది, పెదనాన్నకి చెప్పింది, చెప్పినకాడల్లా నవ్వే. ఆఖరికి ఏడ్చింది. ఏడ్చిందంటే ఇంక ఖాయమే అని మేళగాళ్ళకి కబురు పంపేశారు.

తాంబూలాలనాడు మగపెళ్ళివారు బంతిలో కూచున్నారు. భోజనాలయ్యాక తాంబూలాలు మార్చుకుంటే మాట అయిపోయినట్టే. దాలినాయుడు మొదటి ముద్ద కలుపుతన్నాడు. పైడితల్లి సాంబారు గిన్నె పట్టుకొచ్చి అతని ముందు ఆగి, గిన్నె కింద పెట్టి, వంగి, అన్నం కూరా ఉండగానే అతని ఆకు మడిచేసిందంట. మడిచిన ఆకు విప్పి వడ్డించిన మనిషి ఆ ఊళ్ళో అప్పటిదాకా పుట్టలేదు మరి. ఇదేటి, అన్నాడంట పెళ్ళికొడుకు తండ్రి. ఇంకేటిరా, పిల్ల వద్దంటంది, లెగండి, అందంట పెళ్ళికొడుకు నాయనమ్మే. లేచి చేతులు కడుక్కుని బండి కట్టేశారు.

వాళ్ళెళ్ళాక తల్లి లబలబలాడి, ముందే చెప్పొచ్చు కదే, అందంట. చెప్పాను, అంది పైడితల్లి. ఎన్నిసార్లు చెప్పావే? ఏడుసార్లు. ఇంకోసారి చెప్పాల్సింది, అందంట తల్లి.

అప్పట్నించి పిల్లలకి ఇష్టంలేని సంబంధమొస్తే ఆకు మడవడం అలవాటైపోయింది. ఓ నాలుగేళ్ళు బాగానే నడిచింది. తరవాత అమ్మలంతా, ఆకు మడిచిందంటే సిగ్గుపడిందనే, అనడం మొదలెట్టారు. మొన్న మా ఇంటికొచ్చినోళ్ళకి నేనూ మడిచాను. మా అమ్మ ఆకు విప్పి, అబ్బాయికి ఇంకో గారె వేసింది. ఎల్లుండి మళ్ళీ వస్తారంట. ఈసారి ఆకు జోలికెళ్ళను, వాళ్ళు కూచున్న చాప మడుద్దామనుకుంటన్నాను.