జెఫ్రీన్ మింగిన గాలి

పొద్దున లేచి తలుపు తీస్తే చాలు, జనం! ఒకడికి మేక తప్పిపోయింది. ఒకావిడకి మొగుడు మాట్లాడ్డం లేదు. ఇంకొకావిడ సీమపనస చెట్టుకి కాయ నిలవడం లేదట. "ఒల్వీనా తల్లీ, ఒల్వీనా తల్లీ" అంటూ ఒకటే గోల. నాకు పదిహేడేళ్ళే! ఎవరికి తల్లిని నేను? నువ్వు చెప్పు జెఫ్రీన్.

నవ్వకు. నవ్వితే గొంతు మండుతుందని మీ అమ్మమ్మ చెప్పలేదూ? మూతి కూడా తిప్పకు. పడుకో.

నువ్వు బాగున్నప్పుడే నయం. కొండ మీదివాళ్ళు మా ఇంటికి, రేవువాళ్ళు మీ ఇంటికి. ఎవరి రోగాలు వాళ్ళవి, ఎవరి మంత్రగత్తె వాళ్ళకి. ఇప్పుడు అందరి గోడూ నా నెత్తినే. మొన్న మంత్రం వేస్తూ వేస్తూ మధ్యలో నిద్రపోయాను, తెలుసా? లేచి చూస్తే ముసలి ఆల్సిడ్ ఇంకా చెయ్యి చాపుకునే కూర్చున్నాడు, పాపం. పులిపిరి మాత్రం పోయింది. ఎట్లా పోయిందో నాకూ తెలీదు.

ఏంటా సైగ? ఆఁ, ఇక్కడికొస్తున్నానని మా అమ్మమ్మకి తెలుసు. "రేవు మంత్రగత్తెల గడప తొక్కావో, నీ కాళ్ళు కప్పకాళ్ళవుతాయి" అంది. "అయితే మంచిదే, ఈ కొండ గెంతుకుంటూ ఎక్కుతా" అన్నాను. అప్పట్నుంచి మాటల్లేవు.

అసలు మన అమ్మమ్మలిద్దరికీ ఎక్కడ చెడిందట? ఏటి మడుగు ఎవరిదన్న దాని మీదని మీ అమ్మమ్మ. కాదు, పెళ్ళికి పిలవలేదని మా అమ్మమ్మ. ఆ ముసలాళ్ళ పంతానికి మనం పాలపళ్ళు ఊడకముందు నుంచీ కొట్టుకు చచ్చాం. నువ్వు నా జడలో తేనెటీగల్ని పెట్టావు. నేను చర్చి ముందు నీ తెల్లగౌనుని పావురాలు చేసి ఎగరగొట్టాను. లోపలి లంగాతో నిలబడిపోయావు, అందరి ముందూ...

సరే సరే. అది కొంచెం ఎక్కువే.

జాలర్ల పీటరు పండగ ఏటా వచ్చేదే కదా. ఏటా పడవలకి గాలి పిలిచేది మీ అమ్మమ్మే కదా. ఈసారి ఆవిడకి శంఖం ఊదే ఊపిరి లేకపోతే, ఈ ఒక్క ఏడాదికి తెడ్లు వేసుకుంటే పోయేది! ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? "ఇద్దరు పిల్లలూ పిలవండే. ఎవరి గాలి ముందొస్తే ఇకనుంచి రేవుకి ఆవిడే పెద్ద" అన్నారు. చప్పట్లు, డప్పులు, రమ్ము! వాళ్ళకేం, వేడుక. పడవలేమో అప్పటికే నడిసముద్రంలో గాలి కోసం కాచుకుని ఉన్నాయి. ఒకదాంట్లో మీ నాన్న, ఒకదాంట్లో మా అన్న.

నువ్వు ఈల వేసి సముద్రపు గాలిని పిలిచావు. నేను కొండగాలిని పిలిచాను. రెండూ ఒకేసారి వచ్చాయి.

రెండూ వస్తే ఏమవుతుందో మనకెవరైనా చెప్పారా? సవతుల్లా జుట్లు పట్టుకున్నాయి. సముద్రం కవ్వం పెట్టి చిలికినట్టు తిరిగింది. మా అన్న పడవ తెరచాప కొయ్య విరగడం నా కళ్ళతో చూశాను.

గాలి అదుపు తప్పితే, పిలిచిన నోరే దాన్ని మింగాలి. మింగిన నోటికి ఇక మాట ఉండదు. ఇంత పిల్లలప్పుడే నేర్పారు మనకి. రెండూ మెలిపడిపోయాయి గనక ఎవరో ఒకరు మింగితే చాలు.

"తప్పుకో, నేను మింగుతా" అన్నావు.

"నువ్వెవరివే? ముందొచ్చింది నా గాలి" అన్నాను.

చూశావా మన తెలివి! అవతల మనుషులు మునుగుతున్నారు, ఇవతల మనకి వంతులాట. అప్పుడేగా నువ్వు రెండు చేతులతో నా గుండె మీద తోశావు. మనం నిలబడ్డ రేవు వంతెన మీంచి నీళ్ళలో పడ్డాను. తేలి చూసేసరికి నీ నోరు తెరిచి ఉంది. ఆకాశం ఆకాశమంతా అందులోకి పోతోంది. ఆ తరవాత చప్పుడు లేదు. గిన్నెలో తోడుపెట్టిన పాలలా సముద్రం కదలకుండా నిలబడింది. పడవలవాళ్ళంతా ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ గాలివానలో ఒడ్డునున్నవాళ్ళకి ఏం కనపడింది? నువ్వు తోయడమొక్కటే. "ఓడిపోతానని కుళ్ళుకుని తోసేసింది. నీళ్ళలో ఉండి కూడా మన ఒల్వీనా గాలిని కట్టేసింది." ఇదీ వాళ్ళ కథ. మీ నాన్నొక్కడే ఒడ్డుకి వస్తూనే నీ నోరు తెరిచి చూసి, మాట పోయిందని తెలిసి ఇసకలో కూలబడిపోయాడు. మిగతావాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాను! నువ్వు చేతులతో చెప్పబోతే దిష్టి పెడుతున్నావని కళ్ళు మూసుకుంటారు. నేను చర్చి మెట్లెక్కి గొంతు చించుకుంటే, "ఆహా, ఎంత పెద్ద మనసు!" అని నా చేతిలో కోడిని పెట్టి పంపించారు.

బయట అరుస్తోందే, అదే. నీ కోసమే తెచ్చాను. ఉంచుకో.

రోజూ ఈ కొండ దిగి ఎందుకొస్తున్నాననుకున్నావు? జాలితోనా? నీ మీద నాకు జాలేంటి! ఒళ్ళు మండుతోంది నీ మీద.

నువ్వు తోయకపోతే, నేను మింగేదాన్నా?

"నాది, నాది" అని అరిచాను. గట్టిగానే అరిచాను. అరవడం వేరు, మింగడం వేరు కదే. నీళ్ళలో పడ్డప్పుడు ఎంత హాయిగా అనిపించిందో తెలుసా? ఎందుకు హాయి? వేడెక్కిన ఒంటికి నీళ్ళు తగిలినందుకా? బతికిపోయాననా? పులిపిర్లు రాలగొడుతూ, మేకల్ని వెతుకుతూ పొద్దస్తమానం ఇదే ఆలోచన. తేలదు. ఇక ఎప్పటికీ తేలదు. నువ్వు తేలనిస్తే కదా!

నువ్వు నా ఎదురుగానే ఉన్నావుగా. నా మొహం చూశావుగా. మాట రాకపోతే పోయింది, తల ఊపు. మింగేదాన్నేనా? కాదా?

ఏంటది? భుజాలు ఎగరేస్తావేంటి? నీకూ తెలీదా?

చంపావు పో.

కాస్త జరుగు. గోడవైపుకి జరగవే, కాసేపు నడుం వాలుస్తాను.