ముందు లేసినోడు

పుంగనూరు బస్టాండు పక్కన రెడ్డెమ్మ టీకొట్టు. రేపు పంద్రాగస్టు. స్కూల్లో జెండా ఎగరెయ్యమని హెడ్మాస్టరు లక్ష్మీపతిని పిలిచినాడని తెలిసినప్పట్నుంచి గంగులప్పకు కడుపు మండిపోతా ఉంది. ఇద్దరూ మిలిటరీలో చేసి వచ్చినవాళ్లే. లక్ష్మీపతి మాత్రం మొన్నటి యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకుని వచ్చినాడు. ఇప్పుడు అదే బెంచీ మీద, గంగులప్ప పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు.

“కాలు పోయినోనికి దండేస్తారంట!” అన్నాడు గంగులప్ప, కొట్లో ఉన్నోళ్లతో. “యుద్ధాన్నే ఆపినోణ్ని, నన్ను అడిగినోడు లేడు. ఇనండప్పా. నేను మిలిటరీలో వంటోణ్ని. ఆ పొద్దు నలభై మందికి రాగి సంగటి కెలికినా, అంతే. ఆ వాసనకి అవతలి సైన్యంలోంచి ఒగడు తుపాకి పారేసి వచ్చినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా?”

“లొంగిపోయినాడా?” అన్నాడు సదుం బస్సు కోసం కూర్చున్న చెంగయ్య.

“లొంగేదేంది, ముద్ద అడిగినాడు! వాని ఎనక నూరుమంది, వాళ్లెనక వెయ్యిమంది. మనోళ్లూ తినేదానికి వరసలో కూసున్నారు. ఒగే బంతి, ఈడ మొదలుపెడితే మీ సదుం దాకా ఉంటాది! అందరికీ నంజుకునేదానికి సెనక్కాయల ఊరిబిండి నేనొగణ్నే వడ్డిచ్చినా.”

“మరి ఎవురు గెలిసినట్టప్పా?”

“అదే గదా! ఎవురు ఎవురికి లొంగినారో తెలీక పెద్దాఫీసర్లు తలలు పట్టుకున్నారు. అప్పుడు నేను సెప్పినా: మా ఊర్లో బంతిలో అందరూ తినేదాకా ఎవురూ లేవగూడదు, ముందు లేసినోళ్లు ఓడినట్టు! ఇంగ సూడు, రెండు సైన్యాలూ ఎంగిలి చేతుల్తో మూడు దినాలు కదల్లా. ఇమానాలు కూడా ఆకాశంలో ఆన్నే నిలబడిపోయినాయి! నాలుగోనాడు వాళ్ల జనరలుకి కాలు తిమ్మిరెక్కి లేసినాడు. యుద్ధం అయిపాయ. మరి నాకేదప్పా దండ?”

రెడ్డెమ్మ టీ వడకడతానే అనింది: “నీ పెండ్లాం నారాయణమ్మకి నీ జాబులన్నీ సదివి ఇనిపించింది నేనే గదప్పా. యుద్ధం జరిగిన నెలంతా బెంగుళూర్లో ఉల్లిగడ్డలు తరుగుతాండానని రాస్తివే?”

అందరూ పకపకా నవ్వినారు. గంగులప్ప మొహం మాడిపోయింది.

“ఆ ఉల్లిగడ్డలు లేకుండా వీళ్లు యాడ గెలుస్తారు?” అన్నాడు, ఏడుపు గొంతుతో.

“గెలిసినామని నాకూ రేడియోలోనే తెలిసిందిలేప్పా, ఆస్పత్రిలో పండుకోనుండా,” అన్నాడు లక్ష్మీపతి.

గ్లాసు పక్కన పెట్టి, చంక కర్ర అందుకుని లేవబోయినాడు. కర్ర జారింది. గంగులప్ప చటుక్కున లేచి రెండు చేతులా పట్టుకున్నాడు.

“ముందు లేసింది నువ్వే గదప్పా, ఓడిపోతివి,” అన్నాడు లక్ష్మీపతి, అతని భుజం మీద బరువంతా వేసి. “రేపు ఆ దండ నీకే ఇస్తాను గానీ, నీ కాలిస్తావా?”

గంగులప్ప వంగి, జారిన కర్ర తీసి అతని చంక కింద పెట్టినాడు.