కిటికీ అద్దం చాలని బొమ్మ

ఏలూరులో మగ్గం మూలపడిన ఒక ఇంట్లో, ముసలి నఫీసా తాను గీసిన తివాచీ నమూనాకు కోడలి సాయంతో ఫ్రేము కడుతోంది. ఫ్రేము లేని బొమ్మను ప్రదర్శనకు తీసుకోబోమని నిర్వాహకులు ఖండితంగా చెప్పారు.

"అత్తమ్మా, మగ్గం చెక్కలు సరిపోతాయండి గానీ, మన కిటికీలోంచి తీసిన అద్దం బొమ్మకంటే రెండంగుళాలు పొట్టి."

"కొత్త అద్దం కొనే స్తోమత లేదు. కాగితమే మడిచెయ్యి."

"ఎటు మడవనండీ? పైన పువ్వుల అంచు, కింద మీ పేరు. పేరు మడిస్తే బొమ్మ నిండుగా కనిపిస్తుందండి."

నఫీసా మైదా జిగురు గిన్నె కింద పెట్టింది.

"నలభై ఏళ్లు నేను గీశాను. ప్రతి తివాచీ వెనకా షావుకారు పేరే కుట్టారు. అడిగితే, గీసే ఆడదానికి పేరెందుకన్నారు."

"రేపు రిబ్బను కత్తిరించేది ఆ షావుకారు గారబ్బాయేనటండీ. ఆయనకి కోపమొస్తేనో?"

"రానీ. కోపం రావాలన్నా ముందు నా పేరు చదవాలిగా!"

"పువ్వులు పోతాయండీ. నెల్లాళ్లు కూర్చుని గీశారు."

"పోనీ. ఆ పువ్వులు ఎందరి ఇళ్లలోనో నేలంతా పరుచుకుని ఉన్నాయి. నా పేరే ఇంతవరకు ఎక్కడా లేదు. పైనుంచి మడువమ్మా."